ఐదువందల ముప్పై కిలోమీటర్లు

అరవై అయితే మూడూ పది. అరవై ఐదు అయితే రెండున్నర. డెబ్బై అయితే రెండుకు ఐదు నిమిషాలు తక్కువ, కానీ ఆ వేళ దాటిపోయింది, ఇప్పుడు రెండు దాటి రెండు నిమిషాలు, గంటకు డెబ్బై కిలోమీటర్ల లెక్క ఇక కొట్టేయాల్సిందే అనుకుంది శోభన, మిద్దెమీద పావురాల గూటి నీడలో, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, ఉత్తరంవైపు మొహం పెట్టి నిలబడి. కాజీపేట నుంచి తిరుత్తణికి ఆకాశంలో గీత గీస్తే ఐదువందల ముప్పై కిలోమీటర్లు. రైల్లో అయితే విజయవాడ, గూడూరు, రేణిగుంట చుట్టుకుని ఆరువందల చిల్లర. పావురానికి జంక్షన్లు లేవు, బండి మారే పని లేదు. ఈ గీతను వేలూరులో నర్సు చదువు చదువుతున్న కూతురు జనని ఫోనులో గీసి చూపించింది, రెండు వేళ్లతో మ్యాపును చిన్నది చేసి, "చూడుమా, నిట్టనిలువుగా ఉండాది, కాజీపేట నెత్తిమీద దారం కట్టి కిందికి వదిలితే మన మిద్దెమీదే పడతాది" అంది. మన మిద్దె అంది ఆ పిల్ల. అద్దెకు తీసుకున్న ఒంటిగది, దానిముందు ఈ జాగా, చెక్కపెట్టెలు కొట్టి చేసిన ఈ గూడు, ఇంతే. అయినా మన మిద్దె అంది, వాళ్ల నాయన కట్టించిన తిరువళ్ళూరు మిద్దెను ఏనాడూ అలా అనలేదు.

పొద్దున ఆరూ ఇరవైకి వదిలారు. పందెం పావురాల బుట్టలు రైల్లో తీసుకుపోయి వదిలివచ్చే ఎలుమలై కాజీపేట నుంచి వాట్సాప్‌లో గొంతు పంపాడు, ఆమె దాన్ని ఇప్పటికి పదిసార్లు వినింది. "అక్కా, వదిలేసినామక్కా. గాలి లేదు, మబ్బు లేదు. నీ నాలుగువందల పదిహేడు ఒక్క సుట్టు కొట్టి దచ్చిణం పట్టేసింది. కండిప్పా, తప్పకుండా వస్తాదక్కా, బయపడొద్దు." నాలుగువందల పదిహేడు అంటే కాలి రింగు నెంబరు. ఆమె పిలిచేది కుట్టి అని. నీలం మీద రెండు నల్ల చారలున్న ఆడపావురం, మూడేళ్లది, ముక్కుమీద తెల్లటి పొర, కుడికంట్లో చిన్న ఎర్ర మచ్చ. ఇప్పుడు యాడుంటుంది? మిర్యాలగూడ ఎప్పుడో దాటింది, కృష్ణ దాటింది, మార్కాపురం, ఉదయగిరి, వెంకటగిరి, అవి దాటితే పుత్తూరు, నగరి కొండలు. ఈ పేర్లు ఆమెకు ఎక్కాల్లాగా వచ్చు. నగరి, పుత్తూరు తప్ప వీటిలో ఒక్క ఊరూ చూడలేదు, తిరుపతికి అవతల ఆమె కాలు పెట్టింది లేదు. అక్కడి వాళ్లు మాట్లాడేదీ తెలుగే. పోయినసారి ఎలుమలై వచ్చి చెప్పాడు, టీకొట్టు దగ్గర తన మాట విని "తమిళోడివా" అని అడిగారంట. ఇక్కడేమో మనల్ని తెలుగోళ్లు అంటారు, అక్కడికి పోతే తమిళోళ్లం. కుట్టిని ఎవరూ అడగరు. ఆరంబాక్కం మీదుగా పోయే లారీలన్నీ ఎలవూరు సరిహద్దు చెక్‌పోస్టులో కాగితాలు చూపించాలి, ఇది మాత్రం నగరి కొండమీద ఎక్కడో, తనకే తెలియకుండా, ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రంలోకి రెక్క వేస్తుంది.

రెండూ తొమ్మిది. మెట్లమీద పాదాల చప్పుడు. కింది ఇంటి అలిమేలమ్మ, ఈ మిద్దె యజమానురాలు, చీర పరచి ఎండబెట్టిన వడియాలు తిరగేయడానికి వచ్చింది, చేతిలో కర్ర, పావురాలకు చూపించడానికి. "ఏమ్మే, ఇంకా రాలేదా నీ ఇమానం?" అంది. "అరవై ఐదు లెక్కన రెండున్నరకి రావాలత్తా." "ఎండలో నిలబడితే తొందరగా వస్తాదా? నీడలో కూచున్నా అదే టైముకి వస్తాది గదా." నిజమే. కానీ దిగే పక్షికి మనిషి కనబడాలి, డబ్బాలో గింజల చప్పుడు వినబడాలి. అలిమేలమ్మ వడియాలు ఒక్కొక్కటే తిరగేస్తూ, ఎవరితోనో అన్నట్టు, "పది నెలలుగా చూస్తాండా, ఆ మొగుడు ఒక్కనాడు వచ్చి పిలిసింది లేదు, ఈ పక్షులు మాత్రం రోజూ వస్తాండాయి" అంది. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఈమె మొదట ఒప్పుకోలేదు, పావురాల రెట్ట, వాసన, జబ్బులు అంది. మూడోసారి వచ్చి అడిగినప్పుడు, మొగుడు ఎందుకు వదిలినాడు అని అడిగింది. వదిలింది నేను అని శోభన చెప్పింది. ఆ ముసలామె, సరే, మిద్దెమీద గది తీసుకో, రెట్ట మాత్రం రోజూ కడగాల అంది. రోజూ కడుగుతూనే ఉంది. చేతి తొడుగులు చేసే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, ఆరు రోజులు ఎనిమిదేసి గంటలు, ఇంటికొచ్చి గూడు కడగడం, గింజలు ఏరడం, మళ్లీ కడగడం. ఒళ్లు నొప్పులున్నాయి. నొప్పి తనది, గూడూ తనదే.

తనది. శుక్రవారం సాయంత్రం ఆ మాటను కాగితంమీద రాయించుకోవడానికి ఎంత పట్టింది. తిరువళ్ళూరు స్టేషన్ అవతల రేకుల షెడ్డు, పావురాల క్లబ్బు అంటే అదే, అందరూ బుట్టలతో వరసలో ఉన్నారు, ఒక్కొక్క పక్షికి కాలికి రబ్బరు రింగు తొడుగుతున్నారు, దాని లోపల రహస్య నెంబరు ఉంటుంది, పక్షి ఇంటికి చేరాక రింగు తీసి ఆ నెంబరు ఫోటో పంపాలి. సెక్రటరీ కుప్పుస్వామి కళ్లజోడు ముక్కుమీదికి జార్చి, "ఆనందరాజ్ పేరే రాసేదా మా, ఎప్పటిమాదిరి?" అన్నాడు. నా పేరు రాయన్నా అంది. "ఆడోళ్ల పేరుమీద ఇంతదంకా ఎవురూ..." అని ఆగాడు. రూలుపుస్తకంలో ఉండాదా అన్నా, చూడు అంది. పాపం, ఆయన నిజంగానే పుస్తకం తెరిచి చూశాడు. లేదు. శోభన, గూడు: తిరుత్తణి అని రాశాడు, పక్కన దూరం. గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు ఆనందరాజ్, ఆమె పెనిమిటి, నాలుగు పక్షుల బుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని. ఆమెతో మాట్లాడలేదు, షెడ్డు మొత్తానికి వినబడేలా అన్నాడు. "కాజీపేట గాదు, కాశీ కాడ వదిలినా అది పుట్టింది నా మిద్దెమీద. నా మిద్దెకే వస్తాది. అది వచ్చినాక ఇంగోటి గూడా వస్తాది, చూస్తా ఉండండి." మగవాళ్లు నవ్వారు. కొందరు గట్టిగా, కొందరు నేలవైపు చూసి. ఆమె పెన్ను తీసుకుని తన పేరు తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి సంతకం పెట్టింది. తెలుగులో ‘భ’ రాయడం ఎన్నాళ్లకో, కింది ఒత్తు ఎక్కడ పెట్టాలో ఒక్క క్షణం తడబడి, పెట్టింది.

పద్దెనిమిది పందెం కప్పులున్నాయి తిరువళ్ళూరు ఇంట్లో. అన్నింటిమీదా ఆనందరాజ్ అనే. గుడ్లు పొదిగే రోజులు గోడమీద బొగ్గుతో రాసింది ఎవరు, ఏడో రోజున పిల్లకు రింగు తొడిగింది ఎవరు, జొన్న ఎంత, పెసలు ఎంత, పందానికి మూడు రోజుల ముందు కుసుమలు ఎన్ని గుప్పెళ్లు, ఎవరికి తెలుసు ఇవన్నీ? క్లబ్బు వార్షికోత్సవంలో మైకు పట్టుకుని అతను ఆ లెక్కలే చెప్పాడు, గుప్పెళ్లతో సహా, ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు, ఆమె వెనక వరసలో ఆడవాళ్ల మధ్య కూచుని విన్నది. అప్పుడు కోపం రాలేదు. అదే విచిత్రం. బాగా చెప్పినాడే అనుకుంది.

రెండూ ఇరవై ఒకటి. ఫోను మోగింది. క్లబ్బు గ్రూపులో మొదటి ఫోటో పడింది, పెరియపాళయం వైపు రామానుజంది, ఒక మగపక్షి దిగింది. పక్షులు వస్తున్నాయి అంటే ఆకాశం బాగానే ఉన్నట్టు, నగరి కొండల్లో డేగలు ఎక్కువ ఆపలేదన్నట్టు. శోభన గింజల డబ్బా చేతిలోకి తీసుకుంది. కొండమీద గుడి గోపురం ఎండలో తెల్లగా కాలుతోంది, ఆ కొండ ఎడమన పెట్టుకుని కుడివైపు చూస్తే, దూరంగా నీలంగా నగరి కొండలు, వాటి మధ్య సందులోంచే కుట్టి వస్తుంది ఎప్పుడూ. వచ్చింది కదా ఇన్నిసార్లు. మొదట మూడు నెలలు బయటికి వదలలేదు, వల కట్టి లోపలే ఉంచింది, ఈ కొండ, ఈ నీళ్లట్యాంకు, ఈ వెలుతురు అలవాటు కావాలని. కొత్త మగపక్షిని జోడు కట్టాలని చూసింది, కుట్టి దాన్ని ఒక మూలకు తరిమింది, రెండోదాన్నీ తరిమింది, సరేలే నీ ఇష్టం అని ఊరుకుంది. తర్వాత నగరిలో వదిలింది, వచ్చింది. పుత్తూరు, వచ్చింది. రేణిగుంట, ఆపైన ఎలుమలై చేత గూడూరు, నెల్లూరు. ఒంగోలు నుంచి మూడుముక్కాలు గంటల్లో వచ్చి ఆమె భుజంమీద దిగింది. ఒక్కసారి కూడా తూర్పుకు, తిరువళ్ళూరు వైపు, తిరగలేదు.

రెండూ ఇరవై ఏడు. చుక్క. రెప్ప వేయలేదు ఆమె. గద్ద అయితే రెక్కలు చాపి తేలుతుంది, గుడిపావురం అయితే అడ్డదిడ్డంగా ఎగురుతుంది, ఇది గురిపెట్టిన రాయిలాగా నేరుగా వస్తోంది, నేరుగా, ఇంకా నేరుగా, రెక్కలు కొట్టే తీరు చూడగానే తెలిసిపోయింది. "కుట్టీ!" డబ్బా గలగలలాడించింది. "కుట్టీ, బా, బా, బా!" అలిమేలమ్మ కర్ర పక్కన పడేసి నొసట చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్షి మిద్దెమీదికి వచ్చింది, తలెత్తితే పొట్ట కింది తెలుపు కనబడేంత కిందికి వచ్చింది, ఒక చుట్టు తిరిగింది, నీడ ఆమె మొహంమీదుగా జారిపోయింది. రెండో చుట్టు తిరిగింది. గూటి పలకమీద కాలు పెట్టబోయినట్టు రెక్కలు వెనక్కి విరిచింది కూడా. పెట్టలేదు. లేచింది. కొండవైపు లేచి, నీళ్లట్యాంకు మీద ఒక్క క్షణం ఆగినట్టై, తూర్పుకు తిరిగింది. పోయింది.

"యాడికే అది పోతాండేది?" అంది అలిమేలమ్మ.

"తిరువళ్ళూరికి."

ఆ మాట తన నోటినుంచి అంత మామూలుగా రావడం చూసి శోభనకే ఆశ్చర్యం వేసింది. టైము చూసింది. రెండూ ఇరవై తొమ్మిది. ఇక్కడినుంచి తిరువళ్ళూరికి రెక్కమీద ముప్పై మూడు కిలోమీటర్లు, అరగంట. మూడింటికల్లా దిగుతుంది అతని మిద్దెమీద. లెక్క తప్పదు. చేయగలిగింది ఏమీ లేదు, అరక్కోణం, తిరువాలంగాడు, మణవూరు, కడంబత్తూరు, పట్టాల వెంబడి పక్షి పోతూ ఉంటుంది, ఇక్కడ ఆమె డబ్బా పట్టుకుని నిలబడి ఉంటుంది. ముప్పై మూడు కిలోమీటర్లు. పక్షికి అరగంట, లోకల్ బండికి గంట, ఆమెకు పంతొమ్మిదేళ్లు పట్టింది. ముందే లెక్కవేసి పెట్టుకున్న పని కాదు అది. ఏనాడూ పోవాలని అనుకోలేదు కూడా. కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు, ఊళ్లో అందరూ అడిగినప్పుడు చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. పావురం కోసం మొగుణ్ణి వదిలేసినావా అని నవ్వారు. అన్న అడిగాడు, వదిన అడిగింది. అవునని తల ఊపింది, చెబితే అర్థం కాదని.

పావురం కోసం కాదు. పోయిన ఏడాది మే నెల, విజయవాడ పందెం. బూడిదరంగు ముసలి మగపక్షి, ఆరేళ్లది, ఆ రోజు రాలేదు, మర్నాడు రాలేదు, నాలుగో రోజు మధ్యాహ్నం మెట్లమీద ఏదో గీరుకుంటున్న చప్పుడైతే బయటికి వచ్చి చూసింది. డేగ కొట్టినట్టుంది, తోక లేదు, ఒక రెక్క వేలాడుతోంది. ఎగరలేదు. నడిచి వచ్చింది. ఎంత దూరం నడిచిందో, ఏ పొలాల్లోంచి, ఏ లారీల మధ్యనుంచి, తెలియదు. మిద్దెకు పదకొండు మెట్లు. ఒక్కొక్క మెట్టూ ఎగిరి దూకుతోంది, పడుతోంది, మళ్లీ దూకుతోంది. ఎత్తుకుందామని వంగి, ఎందుకో ఆగిపోయింది, అది దాని పని, దాన్నే చేయనీ అనిపించింది. పదకొండో మెట్టు ఎక్కి గూటి ముందు నిలబడింది. అప్పుడు తీసుకుని ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు తాగించింది, పసుపు పూసింది. షిఫ్టు నుంచి ఆనందరాజ్ వచ్చాడు. చూశాడు. "నాలుగు దినాలా" అన్నాడు. ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు, ఇలా చూపించు అన్నట్టు, మెడ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. "ఆలస్యంగా వచ్చేదానికి పుట్టేవీ ఆలస్యంగానే వస్తాయి. గూట్లో చెడ్డ రగతం ఎందుకు" అన్నాడు, కోపం లేదు గొంతులో, కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు, కాఫీ పెట్టు అన్నాడు.

ఆమె కాఫీ పెట్టింది. అదే. అదే ఎవరికీ చెప్పలేనిది. పాలు కాచింది, డికాషన్ పోసింది, చక్కెర సరిపోయిందా అని కూడా అడిగింది. గ్లాసు అందించిన తన చెయ్యి చూసుకుంది, పసుపు ఇంకా వేళ్లకు ఉంది. ఆ చెయ్యి ఎవరిదో తెలియలేదు. మర్నాడు తెల్లారకముందే రెండు చీరలు, ఆధార్ కార్డు, కూరగాయల సంచిలో గాలి ఆడేలా పెట్టుకున్న కుట్టి పావురం, మొదటి లోకల్ బండి. తిరుత్తణికే ఎందుకు అంటే, ఆ బండి చివరి స్టేషన్ అదే కాబట్టి.

రెండూ నలభై ఐదు. ఇప్పుడు తిరువాలంగాడు దాటి ఉంటుంది. అలిమేలమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది, పోతే పోనీలేమ్మే, నువ్వు కొన్నవీ ఈడ పుట్టినవీ ఇంకా పది పక్షులుండాయి గదా అంది. శోభన నీళ్లు తాగింది. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది, రాలేదు. దాని బదులు షెడ్డులో నవ్వినవాళ్ల మొహాలు వరసగా కనబడ్డాయి. రేపు ఏమంటారో ప్రతి మాటా తెలుసు. పక్షికే బుద్ధి వచ్చింది, ఆడమనిషికి రాలేదు అంటారు. అననీ. పక్షి ఎటు తిరిగితే నేను అటే తిరగాలని ఎవరు రాశారు, ఏ రూలుపుస్తకంలో ఉంది? పక్షి తలకాయలో అయస్కాంతమో ఏదో ఉంటుందంటారు, అది ఎటు లాగితే అటు పోతుంది, పాపం దాని తప్పేముంది. నా తలలో అయస్కాంతం లేదు. నాకు ఉన్నది టికెట్టు కొనుక్కునే బుద్ధి. ఐదువందల ముప్పై కిలోమీటర్లు ఎనిమిది గంటల తొమ్మిది నిమిషాల్లో వచ్చింది, గంటకు అరవై ఐదు, నేను పెంచినట్టే వచ్చింది, నేను చెప్పిన నిమిషానికి నా నెత్తిమీద ఉంది. ఈ పని ఎవరిది? నాది. దిగకపోయినా నాదే.

మూడూ ఒకటికి ఫోను మోగింది. ఆ నెంబరు పది నెలలుగా మోగలేదు.

"వచ్చేసింది" అన్నాడు ఆనందరాజ్. గొంతులో ఎండ, ఆయాసం, సంతోషం. "సెప్పినా గదా. సరిగ్గా మూడింటికి దిగింది. పన్నెండు గంటలనుంచీ ఎర్రదాన్ని కాలికి దారం కట్టి పలకమీద పెట్టినా."

ఎర్రది అంటే కుట్టి పాత జోడు, అక్కడే మిగిలిపోయిన ఎర్ర మగపక్షి. అయితే ఇతను కూడా మూడు గంటలుగా ఎండలో నిలబడి ఉన్నాడు, అక్కడ అతను, ఇక్కడ తను. ఒక పావురాన్ని పిలుచుకోవడానికి ఇంత ఏర్పాటు చేశాడు.

"నీళ్లు తాగించు. గింజలు అప్పుడే పెట్టొద్దు" అంది ఆమె.

"నాకు సెప్తావా?" నవ్వాడు. "పావురానికి గూడా యాడికి రావాల్నో తెలిసిపోయింది. నీకే తెలీలేదు."

"దానికి ఆడ జోడు ఉండాది. అందుకని వచ్చింది. నాకు లేదు."

అవతల వీధిలో ఆటో హారన్, ఎక్కడో రేడియో. తర్వాత అతని గొంతు మారింది. "సాయంత్రం లోపల వచ్చి తీసుకో. లేదంటే, ఓడిపోయిన పక్షిని ఏం జేస్తానో నీకు తెలుసు."

"తెలుసు. అందుకే వస్తాండా. వాకిట్లోకి వస్తా, లోపలికి కాదు. దాని ఈక ఒక్కటి ఊడినా వీదంతా వినేట్టు అడుగుతా."

పెట్టేసింది. అదే చేత్తో కుప్పుస్వామికి ఫోను చేసింది. "అన్నా, నా నాలుగువందల పదిహేడు గూటికి రాలేదని రాసుకో. తిరువళ్ళూరులో దిగింది." ఆయన టైము అడిగాడు, చెప్పింది, ఆయన లెక్క వేసుకునే చప్పుడు, కాగితం, పెన్ను. "అమ్మా, తిరుత్తణి మీదికి ఎప్పుడు వచ్చింది? రెండూ ఇరవై తొమ్మిదా? అయ్యయ్యో. ఆడ దిగింటే తిరుత్తణి పక్క గూళ్లల్లో అదే ఫస్టు. ఎప్పటిమాదిరి ఆనందరాజ్ గూడు అడ్రసు ఇచ్చింటే అప్పుడైనా లిస్టులో ఉండేది గదా, సుమ్మా, ఉత్తినే పోయిందే."

"కప్పుమీద ఎవురి పేరు కొట్టుంటారన్నా అప్పుడు?"

అవతల పుస్తకంలో పేజీ తిప్పిన చప్పుడు.

"వచ్చేనెల బల్లార్షా పందానికి నా పేరు రాసుకో. ఏడువందల ముప్పైతొమ్మిది కిలోమీటర్లు, నా కూతురు కొలిచి పెట్టింది. వేరే పక్షి, పోయిన కార్తీకంలో ఈ మిద్దెమీద పుట్టింది."

"చూస్తాంలేమా..."

"చూసేది లేదన్నా, రాయి. రాసినంక నాకు చదివి చెప్పు."

పెన్ను గీరిన చప్పుడు వచ్చేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుంది. శోభన, తిరుత్తణి అని ఆయన చదివాక పెట్టేసింది. మొహం కడుక్కుంది, చీర మార్చుకోలేదు, గూటి రెట్ట అంటిన పాత నూలుచీరే, మార్చుకుంటే అతను ఏదో అనుకుంటాడు. మూత ఉన్న వెదురుబుట్ట తీసుకుంది, రింగు కార్డు జాకెట్లో పెట్టుకుంది, దానిమీద పేరు తనదే, మూడేళ్ల క్రితం పిల్లకు రింగు తొడిగిన రోజున అతను ఊళ్లో లేక తను రాసుకున్నది. స్టేషన్లో "తిరువళ్ళూరు ఒకటి, రిటర్ను" అంది.

బండిలో కిటికీ పక్కన కూచుని, ఇందాక పక్షి పోయిన దారినే వెనక నుంచి పోతున్నానని అనుకుంది, అదే పొలాలు, అదే ట్రాన్స్‌ఫార్మర్లు, అది పైనుంచి, తను కిందినుంచి. భయం ఉంది. పది నెలలుగా ఆ వీధి కలలో వస్తేనే మెలకువ వచ్చేది, శుక్రవారం షెడ్డుకు పోయినప్పుడు కూడా ఆ వీధి మొగదల తప్పించుకుని చుట్టు తిరిగి పోయింది. ఇవాళ చుట్టు తిరగను అనుకుంది. కడంబత్తూరులో పూలమ్మే ఆమె ఎక్కి, బుట్టలో ఏముందమ్మా కోడిపిల్లలా అంది. ఇప్పుడు ఏమీ లేదు, వచ్చేటప్పుడు ఉంటాది అంది శోభన.

ఐదింటికి ఆ వీధిలో ఉంది. ఎదురింటి అరుగుమీద ఆకుకూర గిల్లుతున్న ఆడవాళ్లు చేతులు ఆపారు. పచ్చరంగు గేటు ముందు నిలబడి, మిద్దెవైపు తలెత్తి, "ఏమయ్యా" అని పిలిచింది, గట్టిగా. అతని తల పిట్టగోడమీద కనబడింది. "పైకి రా" అన్నాడు.

"కిందికి తే."

ఎవరో కిటికీ తెరిచారు. ఒక స్కూటరు ఆమెను దాటి పోయి, కొంచెం దూరంలో ఆగింది. ఆమె కదల్లేదు, బుట్ట ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. చివరికి మెట్లమీద చెప్పుల చప్పుడు వినబడింది. ఆనందరాజ్ కుట్టిని రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు, కాళ్లు వేళ్ల సందున, రెక్కలు అరచేతుల కింద, ఎలా పట్టుకోవాలో అలా. పక్షులను బాగా పట్టుకుంటాడు అతను, ఎప్పుడూ, ఆ చేతులు చూసే ఒకప్పుడు మంచివాడు అనుకుంది. ఎండకు మొహం మాడిపోయి ఉంది, ముసలివాడిలా ఉన్నాడు. ఆమె గేటు ఇవతల నుంచే చేతులు చాచి తీసుకుంది. రెక్క విప్పి చూసింది, మెడ చూసింది, గొంతు కింది మేతసంచి వేళ్లతో తడిమింది. మెత్తగా, నీళ్లతో నిండి ఉంది.

"ఉప్పు, బెల్లం ఏసినా" అన్నాడు అతను, ఎవరికీ వినబడకుండా.

ఆమె తల ఊపింది. కాలికున్న రబ్బరు రింగు అలాగే ఉంది, తీయలేదు. కుట్టిని బుట్టలో పెట్టి మూత దారంతో బిగించింది. మిద్దెమీద నుంచి ఎర్ర మగపక్షి గుర్రుగుర్రుమంటూ పిలుస్తోంది, బుట్టలోంచి కుట్టి కదిలింది. అది విని అతని మొహంలోకి మళ్లీ ఏదో వచ్చింది, గెలుపులాంటిది.

"ఇన్నావా? మల్లీ వదిలితే మల్లీ ఈడికే వస్తాది అది."

"రానీ" అంది శోభన. "నేనూ వస్తా. తీసుకుని పోతా. ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు."

అతను గేటు పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె బుట్ట ఎత్తుకుంది. వీధి మధ్యలోంచి నడిచింది, అరుగులమీద ఆడవాళ్లు చూస్తుండగా, తెలిసిన ఒకామెను బాగుండావా అని అడిగి, ఎదురొచ్చిన ఆటో పక్కకు తప్పుకునేదాకా తను తప్పుకోకుండా. ఐదున్నర బండికి ఇంకా టైముంది. తొందరపడలేదు.